ప్రూఫుల మావయ్య, మూడువందల కోట్ల అక్షరాలు

మా మావయ్య ముప్ఫై ఏళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాడు. పెళ్లిపత్రిక చేతికిస్తే పెళ్లెప్పుడో చూడడు, ఎర్ర పెన్ను తీస్తాడు. ఆయనతో హోటలుకి వెళ్తే మనకి ఆకలి చచ్చిపోవాల్సిందే. మెనూలో తప్పులన్నీ దిద్దాకే ఆర్డరిస్తాడు.

ఆయన మనవరాలికి పద్నాలుగో నెలలో చేతులూ పాదాలూ వాచిపోయాయి. సికిల్ సెల్ అన్నారు. రక్తానికి ఎరుపునిచ్చే ప్రోటీన్ జన్యువులో ఒక్క అక్షరం వేరట. పాప తల్లి, అంటే మావయ్య కూతురు, నాకు వదిన, అన్నం మానేసింది. "కడుపుతో ఉన్నప్పుడు జ్వరానికి మాత్ర వేసుకున్నాను. నావల్లే. దాన్ని నా చేతికివ్వకండి," అని గోడవైపు తిరిగి పడుకుంది.

మావయ్య నన్ను వెంటేసుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్లాడు.

"మొత్తం ఎన్ని అక్షరాలండీ?"

"డి.ఎన్.ఏ. ఒక్కో ప్రతిలో మూడువందల కోట్లు."

"ఎవరు దిద్దుతారు?"

ఆవిడ నవ్వి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. కణం రెండయ్యే ముందు అవన్నీ కొన్ని గంటల్లో తిరగరాసుకుంటుందట. తప్పు పడితే రాసే యంత్రమే వెనక్కి జరిగి, దాన్ని తీసేసి, సరైనది పెడుతుందట. ఆ వెనక మరో దిద్దుబాటు. చివరికి మిగిలే తప్పులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. అసలు ప్రతిని మాత్రం గది దాటనివ్వదు. ప్రోటీన్ కావాలంటే ఆ ముక్కవరకే ఆర్.ఎన్.ఏ. అనే నకలు తీసి బయటికి పంపి, పనయ్యాక చించేస్తుందట.

మావయ్య తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఇంత పని ఇందులో జరుగుతోందా తల్లీ! నేను రోజుకి నలభై పేజీలు దిద్ది మిడిసిపడ్డాను," అన్నాడు. నాకూ ఒళ్లు గగుర్పొడిచింది.

"మరి పాప దగ్గర ఆ ఒక్క తప్పుని ఎలా వదిలేసింది?"

"వదల్లేదండీ. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, ఆ తప్పున్న ప్రతులే అలాగే వచ్చాయి. ఒక్కటే ఉన్నవాళ్లకి జబ్బుండదు, ఉన్నట్టే తెలీదు."

ప్రెస్సులో ప్రూఫు రీడరు మూలంతో పోల్చి దిద్దుతాడు, మూలాన్ని ముట్టుకోడు. తప్పు మూలంలోనే ఉంటే అలాగే అచ్చవుతుంది. మావయ్యకి ఇక చెప్పాల్సిన పనిలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, "నాకూ తియ్యండి రక్తం," అన్నాడు.

నాలుగోరోజు రిపోర్టు తీసుకుని తిన్నగా వదిన గదిలోకి వెళ్లాడు. పాప నా భుజాన ఉంది.

"మాత్రా లేదు, మన్నూ లేదమ్మా. ఆ అక్షరం నాలోనూ ఉంది. ఇది నేను నీకిచ్చింది. నీ ఒళ్లు ఏ తప్పూ చెయ్యలేదు. ఇచ్చినదాన్ని ఉన్నదున్నట్టు దింపింది."

వదిన లేచి కూర్చుంది. "అయితే నీకెప్పుడైనా నొప్పి పుట్టిందా నాన్నా?"

"లేదమ్మా. ఇప్పుడే పుడుతోంది."

వదిన ఆయన్ని చూస్తూనే, పాప కోసం నావైపు చేతులు చాచింది.