పసుపు రాసిన క్రెడిట్ కార్డు

మాది శ్రీకాకుళం, ఉద్యోగం కోల్‌కతా ఓడరేవు డాక్‌లో. కిందటేడు మా ఆవిడ రమణతో మొదటిసారి బ్యాంకాక్ బయలుదేరాను. "దాదా, ఇది గీకితే విమానం మన వీధిలోకే వస్తాది" అని కొత్త క్రెడిట్ కార్డును డాకంతా తిప్పి బెంగాలీ తోటివాళ్లకి చూపించాను. రమణేమో కొత్త వస్తువు కదా అని దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

అక్కడ హోటల్లో కార్డు పెడితే మిషన్ ఒప్పుకోలేదు. మళ్లీ పెట్టినా అంతే. జేబులో ఉన్న నగదు టాక్సీకే చాలదు. గది ఇవ్వకపోతే పరాయి దేశంలో రోడ్డే గతి.

"అంతా నీ పసుపు వల్లే!" అని కసిరి, చొక్కా అంచుతో కార్డును మెరిసేదాకా రుద్దాను. అయినా ఒప్పుకోలేదు.

"ఏటండీ, నా బొట్టు మీద పడతారేటి? విదేశంలో వాడాలంటే బ్యాంకు యాప్‌లో మీట నొక్కాలి. నొక్కేరా?"

"ఏ మీట?"

"కార్డుతో వచ్చిన కాగితం నేను సదివేను, మీరు సదవలేదు!"

ఫోన్ లాక్కుని మీట నొక్కింది, ఖర్చుకో హద్దూ పెట్టింది. ఈసారి మిషన్, రూపాయల్లోనా వాళ్ల దేశపు డబ్బు బాట్లలోనా అని అడిగింది. దేశభక్తితో రూపాయల మీదికి వేలు చాపాను. రమణ చేతి మీద ఒక్కటిచ్చింది.

"రూపాయలంటే ఆళ్ల రేటు కట్టి ఎక్కువ గుంజుతారు. బాట్లే నొక్కండి!"

గది తాళం వచ్చింది.

థాయ్ భాషలో పోట్లాడి గది సాధించానని డాక్‌లో చెప్పాను. నిజం మీకే రాస్తున్నాను. ఇప్పుడు కార్డు నా జేబులో, మీట రమణ చేతిలో. వచ్చే ఏడు సింగపూర్ అంటోంది. నాకేం భయం లేదు.