పేరు పిలిచినప్పుడు కారులో ఉన్న లాయరు

వర్లీన్ పెటిగ్రూకి శుక్రవారం సన్మానం. వకీలు వృత్తిలో ఆడవాళ్లకీ, నల్లవాళ్లకీ, బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లకీ చోటు కల్పించినందుకట. ఆ సంగతి గుర్తించడానికి జిల్లా లాయర్ల సంఘానికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది.

గురువారం సాయంత్రం పాకు వాంగ్ ఆమె గదిలోకి వచ్చి, కూర్చోకుండానే ఒక కాగితం బల్ల మీద పెట్టింది. పాకు హ్మాంగ్ పిల్ల, లావోస్ కొండలనుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వర్లీన్ దగ్గరే పని నేర్చుకుంది. ఇంట్లో పది వారాల కొడుకు.

"మన అర్జీ జడ్జి కొట్టేశాడు మిస్ వర్లీన్. మంగళవారంకల్లా మా క్లయింటు ఇల్లు ఖాళీ చెయ్యాలట."

ఇల్లు ఖాళీ చేయించే కేసులు ఆ కోర్టులో సోమవారం ఉదయం ఒకే జాబితాగా వస్తాయి. క్లర్కు పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలక్కపోతే తీర్పు ఇంటి యజమానికే. పాకు క్లయింటు చీజు ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉంది. ఆమె తరఫున పోయిన సోమవారం పాకు ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చుంది. పదిన్నర దాటాక రొమ్ములు గడ్డకట్టినట్టయ్యాయి. పాలు తీయకపోతే జ్వరం వస్తుంది, ఆపైన పాలే తగ్గిపోతాయి. పసివాడి ఆకలికి కోర్టు జాబితా తెలియదు. పది నిమిషాల్లో వస్తానని క్లర్కుకి చెప్పి, కారులోకి వెళ్లింది. ఆలోగా ముందున్న ఆరు కేసులు రాజీ అయిపోయి, పాకు క్లయింటు పేరు మూడుసార్లూ పిలిచేశారు.

"కేసు మళ్లీ తెరవమంటే ఏం రాశాడు?"

"లాయరు సొంత సౌకర్యం కారణం కాదని."

"సౌకర్యమా? జనవరి చలిలో, కారు అద్దాలకి కోటు అడ్డం కట్టుకునా?"

"హీటరు కూడా పనిచెయ్యలేదు."

"అబ్బో, ఎంత సుఖపడ్డావే తల్లీ."

పాకు నవ్వబోయి ఏడ్చింది. వర్లీన్ ఏడవలేదు. ఆమె మొదటిసారి ఆ కోర్టుకి వచ్చిన రోజున బంట్రోతు ఆమెకు ముద్దాయిల బంధువుల బెంచీ చూపించి కూర్చోమన్నాడు. తన కొడుకుకి పాత ఫైళ్ల గదిలో, బూజుల మధ్య పాలిచ్చింది. తల్లులకి ఒక గది ఇమ్మని ఐదుసార్లు అర్జీ పెట్టింది. పార్కింగుకి కొత్త తారు పడింది, జడ్జీల కాఫీ గదికి కొత్త సోఫాలొచ్చాయి. గది మాత్రం రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం సన్మానం జరిగే క్లబ్బులో వేయించిన చేపా, క్యాబేజీ కోల్‌స్లా తింటూ నూట నలభై మంది లాయర్లు. జ్ఞాపిక ఇవ్వవలసినవాడు జడ్జి రోడెవాల్డ్. కాగితం మీద "సౌకర్యం" అని రాసింది ఆయనే.

వర్లీన్ పక్కన కూర్చోగానే ఆయన గొంతు తగ్గించాడు. "కేసు మాట ఇక్కడొద్దు వర్లీన్. నియమం నీకు తెలుసు."

"నాకు తెలుసు జడ్జిగారూ. కేసు ఊసెత్తను. ఒక భవనం గురించి మాట్లాడతాను."

ఆయన సమానత్వం గురించి చాలా బాగా మాట్లాడాడు. జ్ఞాపిక అందించబోయాడు. వర్లీన్ చెయ్యి చాచలేదు.

"దీన్ని పట్టుకుని నేనెక్కడికి పోను? మన కోర్టులో పాలిచ్చే తల్లికి తలుపున్న గది లేదు. పాలు పిండుకున్న లాయర్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో, ఎక్కడ పిండుకున్నారో నాకు తెలుసు. దయచేసి చప్పట్లు కొట్టకండి. భోజనం అయ్యాక మా ఆఫీసుకొచ్చి, ఎక్కడ పిండుకున్నారో అఫిడవిట్‌లో రాయండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాలామంది ప్లేట్లలోకి చూశారు. కొందరు మగ లాయర్లు తారు మీద జారిపడ్డవాళ్లలా ముఖాలు పెట్టారు.

తొమ్మిది మంది వచ్చారు. నూట నలభైలో తొమ్మిది. ఒకామె చీపుర్ల అల్మారా రాసింది. ఒకామె ఖాళీగా ఉన్న ఖైదీల కొట్టు. డెబ్భై దాటిన ఒకావిడ, "నేను మానేశాను. పాలు కాదు, వృత్తి. పదేళ్లు" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టింది. పాకు అవన్నీ జతచేసి, పునర్విచారణ కోరుతూ నాలుగున్నరలోగా దాఖలు చేసింది.

సోమవారం ఉదయం రోడెవాల్డ్ ఆ పేజీలు తిప్పాడు.

"ఈ ఒక్కసారికి దయతో తెరుస్తున్నాను."

వర్లీన్ వెనక బెంచీ నుంచి లేచింది. "దయ అని రాయకండి. ఈ కోర్టులో గది లేనందువల్ల అని రాయండి."

"నువ్వు ఈ కేసులో లాయరువి కాదు వర్లీన్. కూర్చో."

"అయితే నేనే అడుగుతున్నాను," అంది పాకు, నిలబడి. "కారణం రాయండి సర్. రేపు ఇంకొకామె ఇదే మళ్లీ అడగాల్సిన పని ఉండదు."

ఆయన రాశాడు. ఖాళీ చేయాలన్న ఉత్తర్వు రద్దయింది. విచారణ మొదలైంది. పదకొండు కావస్తుండగా పాకు మళ్లీ లేచింది.

"ఇరవై నిమిషాలు కావాలి సర్."

"వెళ్లిరా."

"ఎక్కడికి సర్?"

జడ్జి క్లర్కు వైపు చూశాడు. క్లర్కు కాగితాల వైపు చూశాడు. పాకు సంచీ భుజాన వేసుకుని, కోటు తీసుకుని, పార్కింగు వైపు నడిచింది.