చీలమండ దాటని గరిక

ఈ ఉదయం తొలి వాన పడి వెలిసింది. మా గోల్ఫ్ మైదానంలో రెండో హోల్ దగ్గర గడ్డి కోసే మిషన్ తిరగడం మొదలుపెట్టగానే, తెగిన పచ్చి గరిక వాసన ఆఫీసు కిటికీలోంచి లోపలికి వచ్చింది. పక్క తోటలో చివరి కాయలు కోస్తున్నారు కాబట్టి దానిలో మామిడి సొన వాసన కూడా కలిసింది. ఈ రెండూ కలిసి వచ్చిన రోజున నేను కాసేపు ఏ పనీ చెయ్యలేను. ప్రకాశరావు గారు గుర్తుకొస్తారు.

ఆయన పేరు మీరెవరూ విని ఉండరు. నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే దారిలో, మామిడి తోటల నడుమ, తొమ్మిది హోళ్ళ, అంటే బంతి వేసే తొమ్మిది గుంటల, చిన్న గోల్ఫ్ కోర్సు ఒకటి ఉంది. మామిడి వ్యాపారం చేసే కుటుంబం వాళ్ళు తమ పాత తోటలో చెట్లు కొట్టకుండా, వాటి సందుల్లోంచి ఆట దారులు తీయించి కట్టారు. అక్కడి గడ్డి బాధ్యత ప్రకాశరావు గారిది. విస్సన్నపేట మనిషి. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ కంటోన్మెంట్ల గోల్ఫ్ మైదానాల్లో గడ్డి పని చేసి, రిటైరై వచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆట ఆడలేదు. ఎందుకాడరని అడిగితే, "ఆడేవాళ్ళు బంతిని చూస్తారమ్మా. మనం కింద చూడాలి," అనేవారు.

వ్యవసాయ డిప్లొమా పూర్తి చేసి నేను ఆయన దగ్గర సహాయకురాలిగా చేరిన రోజున మా నాన్న పడీపడీ నవ్వాడు. "జన్మంతా మామిడి పాదుల్లో గరిక పీకీ పీకీ నా నడుం విరిగింది. నువ్వు గరిక పెంచడానికి చదివావటే, రాజ్యం!" అన్నాడు. నిజమే, గోల్ఫ్ మైదానంలో పెంచేది మన పొలం గట్ల మీది గరికకి చుట్టమే. నవ్వులపాలైన మాట ఇంకొకటి ఉంది. ఆటగాళ్ళ సంచీ మోసి, బంతి వెతికిపెట్టేవాళ్ళని కేడీలంటారు. మా వైపు కేడీ అంటే పోలీసుల పుస్తకంలో పేరున్నవాడు. ఆ పనిలో చేరిన మరియమ్మని ఊళ్ళో వాళ్ళు, "ఏం దొంగతనం చేశావే?" అని ఏడిపించేవారు. మరియమ్మ అప్పటికి నలభై దాటిన మనిషి. కాయకోతల కాలంలో తోటల్లో, మిగతా కాలమంతా మా దగ్గర పని చేసేది.

చేరిన మొదటి వారంలోనే ప్రకాశరావు గారు నన్నొక ప్రశ్న అడిగారు. "రఫ్‌లో గడ్డి ఎంత పొడుగుండాలి?" ఆట సాగే దారిని పొట్టిగా కోస్తారు. దానికి రెండు పక్కలా పొడుగ్గా వదిలే గడ్డిని రఫ్ అంటారు. గురి తప్పినవాళ్ళ బంతి పోయి పడేది అందులోనే. నేను చదువుకున్నదాన్ని కదా, ఠక్కున ఒక అంకె చెప్పాను. ఆయన నన్ను నర్సరీ వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ గరికని మూడు పట్టీలుగా, మూడు ఎత్తుల్లో పెంచి ఉంచారు. ఒక్కొక్క పట్టీలోకి ఒక్కొక్క బంతి విసిరి, వెతకమన్నారు. ఆటలో వెతకడానికి అయిదు నిమిషాలే ఇస్తారట. పొట్టి పట్టీలో బంతి దూరం నుంచే కనపడింది. రెండోదాంట్లో నాలుగడుగులు అటూఇటూ తిరిగాక దొరికింది. మోకాలి కిందిదాకా ఉన్న మూడో పట్టీలో నేను వంగి, చేతులతో గడ్డి తోసుకుంటూ, చెమటలు కక్కుతూ వెతికినా దొరకలేదు.

"పొట్టిగా ఉంటే తప్పు కొట్టానన్న సంగతే వాడికి తెలీదు. మరీ పొడుగైతే తప్పు తెలుస్తుంది గానీ, ఆట అక్కడితో ఆగిపోతుంది," అన్నారాయన. "కష్టం తెలియాలి, దారి మూసుకుపోకూడదు. మన దగ్గరికొచ్చేది డాక్టర్లు, షావుకార్లు, రిటైరైన ఆఫీసర్లు. వాళ్ళకి రెండున్నర అంగుళాలు చాలు. చీలమండ దాటనివ్వొద్దు."

అలా అని వదిలెయ్యలేదు. రోజూ పొద్దున్నే ఒక ఉక్కు స్కేలు చేతికిచ్చి, తొమ్మిది హోళ్ళ దగ్గరా గడ్డి కొలిచి పుస్తకంలో రాయమనేవారు. చూడకుండా రాస్తే ఎలా తెలిసేదో గానీ తెలిసిపోయేది. ఒకసారి ఎండకి బద్ధకించి ముందురోజు అంకెలే ఎక్కించాను. సాయంత్రం ఆ పేజీ చూసి, "నిన్న ఎరువు పడింది, రాత్రి వాన పడింది. గరిక మాత్రం నీ మాట విని అక్కడే ఆగిపోయిందా?" అన్నారు. కోప్పడలేదు. నేనే వెళ్ళి చీకటి పడేలోగా మళ్ళీ కొలుచుకొచ్చాను.

రెండో ఏడాది వానాకాలం వెళ్ళిపోతున్నప్పుడు ఓనరు గారికి ఒక పోటీ పెట్టాలనిపించింది. విజయవాడ నుంచీ హైదరాబాదు నుంచీ పెద్దవాళ్ళని పిలుస్తున్నారు. మనిషి మంచివాడే, కాకపోతే టీవీలో విదేశీ పోటీలు చూసి మోజుపడ్డాడు. "అక్కడ రఫ్ మోకాళ్ళదాకా ఉంటుందండీ ప్రకాశరావు గారూ. చూడగానే గుండె జల్లుమనాలి. మనది చూస్తే పార్కులాగా ఉంది," అన్నాడు.

"అక్కడ బంతి ఎక్కడ పడిందో చూడ్డానికి వేలమంది జనం ఉంటారండీ. ఇక్కడ మరియమ్మ ఒక్కతే వెతకాలి," అన్నారు ప్రకాశరావు గారు. "వానలు వెళ్ళే కాలం. పురుగూ పుట్రా ఉంటాయి. నేను పెంచనండీ."

ఓనరు గారు అప్పటికి ఊరుకున్నాడు. ఆ వారంలోనే ప్రకాశరావు గారి భార్యకి కంటి ఆపరేషన్ పడింది. ఆయన ఇరవై రోజులు సెలవు పెట్టి, స్కేలూ పుస్తకమూ నాకప్పగించి వెళ్ళారు. మర్నాడే ఓనరు గారు నన్ను పిలిచాడు. "నువ్వు చదువుకున్న పిల్లవి. ఆయనది పాతకాలం పద్ధతి. అయిదో హోల్ కుడిపక్క ఒక్కటీ పెరగనివ్వు, ఎలా ఉంటుందో చూద్దాం. రేపు ఆయన తర్వాత ఇదంతా చూసుకోవాల్సింది నువ్వేగా," అన్నాడు.

ఆయన నన్ను బెదిరించలేదు, బలవంతపెట్టలేదు. కాదంటే ఊరుకునేవాడే. నాకు ఆ చివరి మాట తియ్యగా ఉంది, అంతే. అయిదో హోల్ దగ్గర మిషన్ ఆపించాను. కొలిచి రాయడం కూడా మానేశాను. ఎత్తు పిసరంత పెరిగినా కనపడే ఆ పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

పోటీకి రెండు రోజుల ముందు, ప్రాక్టీసుకొచ్చిన ఒకాయన బంతి ఆ గడ్డిలో పడింది. మరియమ్మ వెతకడానికి లోపలికి వెళ్ళింది. నేను ఇవతల నిలబడి చూస్తూనే ఉన్నాను. "అమ్మా!" అని ఒక్క కేక వేసి కూలబడింది. రక్తపింజర కరిచింది. మిషన్ నడిపేవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆమెని జీపులోకి ఎక్కించారు. నూజివీడు ఆసుపత్రికి చేరేదాకా ఆమె కాలు నా ఒడిలోనే ఉంది. కళ్ళముందే వాచిపోతోంది. మరియమ్మ ప్రార్థన చేసుకుంటూనే మధ్యలో నా మొహం చూసి, "ఏం కాదులెండి మేడం గారూ," అని నాకే ధైర్యం చెప్పింది. విరుగుడు ఇంజెక్షన్లు సమయానికి పడ్డాయి. బతికింది. కాలు మామూలు కావడానికి నెలలు పట్టింది. రెండు వేళ్ళకి స్పర్శ తిరిగి రాలేదు.

పోటీ రద్దయింది. ఓనరు గారు బెంబేలెత్తిపోయాడు. మైదానం బయట చెరువుగట్టు మీద కరిచిందని పుస్తకంలో రాసెయ్యమన్నాడు. ప్రకాశరావు గారు సెలవు మధ్యలోనే వచ్చేశారు. నేరుగా అయిదో హోల్ దగ్గరికి వెళ్ళి, గడ్డి కొలిచి, ఆఫీసుకి వచ్చి పుస్తకం నా ముందు తెరిచారు.

"తొమ్మిది అంగుళాలు. రాయి."

రాశాను.

"ఎవరు పెరగనిచ్చారో అది కూడా రాయి."

పెన్ను కింద పెట్టేశాను. ఏడుపు ముంచుకొచ్చింది. "ఓనరు గారు చెప్పారు సార్," అన్నాను.

"ఆయన చెప్పిన సంగతి ఆయన్తో నేను మాట్లాడతాను. మిషన్ ఆపింది నువ్వు." గొంతు తగ్గించి అన్నారు: "నా మీద వేసుకుంటే నాకు పోయేదేం లేదమ్మాయ్, ఎలాగూ పెద్దవాణ్ణి. కానీ వేసుకోను. ఇది నీ దగ్గరే ఉండాలి."

ఆ క్షణంలో ఆయన మీద చచ్చేంత కోపం వచ్చింది. మా అమ్మానాన్నల దగ్గర్నుంచీ, మాస్టార్ల దాకా ఎవరో ఒకరు నా తప్పుల్ని కప్పిపుచ్చినవాళ్ళే. కప్పడానికి నిరాకరించిన మొదటి మనిషి ఆయన. పేరు రాశాను. ఆ సాయంత్రం ఒక్కదాన్నే మరియమ్మ ఇంటికి వెళ్ళి, మంచం పక్కన కూచుని, గడ్డి పెరగనిచ్చింది నేనేనని చెప్పాను. ఆమె గోడకేసి చూస్తూ పడుకుంది.

"కోయించారా?" అంది చివరికి.

"కోయించాం."

"మిగతా ఆడాళ్ళు ఎవరూ అందులోకి పోలేదు కదా?"

"లేదు మరియమ్మా."

"సరే అయితే. మీరు మళ్ళీ రాకండి కొన్నాళ్ళు. మా ఆయన కోపంగా ఉన్నాడు," అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ప్రకాశరావు గారు ఓనరు గారితో ఏం మాట్లాడారో తలుపు బయటికి వినపడలేదు. గంటసేపటికి ఇద్దరూ బయటికి వచ్చారు. ఆ వారంలో మైదానం అంచుల్లో తెల్లగుంజలు పాతించాం. గుంజలకి ఇవతల గడ్డి చీలమండ దాటకూడదు. అవతల ఎంతైనా పెరగొచ్చు. అక్కడ పడిన బంతిని ఎవరూ వెతకకూడదు, ఇంకో బంతి తీసుకుని ఒక దెబ్బ నష్టంతో ఆడుకోవాలి. "అవతలిది మనది కాదు. పాములదీ పిట్టలదీ," అన్నారాయన. మరియమ్మ ఆసుపత్రి ఖర్చంతా, పని చెయ్యలేని నెలల జీతమూ ఓనరు గారే పెట్టుకున్నాడు. పుస్తకంలో చెరువుగట్టు మాట రాలేదు.

తర్వాత ఆరేళ్ళు ఆయన దగ్గరే పని చేశాను. అయిదో హోల్ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఒకరోజు పొద్దున్న నేను కొలుస్తుంటే పక్కకొచ్చి కూచున్నారు. స్కేలు అడిగి తీసుకుని, కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూసుకున్నారు. "రెండు రోజుల నుంచి గీతలు కనపడట్లేదు. అందాజుగా చెప్పేస్తున్నాను," అన్నారు. కళ్ళజోడు మారిస్తే సరిపోతుందన్నాను. మార్చి చూశానన్నారు. "రేపటి నుంచి రాను," అని స్కేలు నా చేతిలో పెట్టి లేచారు. సన్మానం, దండ ఏవీ పెట్టనివ్వలేదు. గేటు దగ్గర ఆటో ఎక్కుతూ, "ఏడో హోల్ ఎడంపక్క తుంగ వస్తోంది, చూసుకో," అన్నారు. అంతే. రెండేళ్ళ కిందట, మామిడి పూత కాలంలో, నిద్రలోనే పోయారు. ఆఖరిచూపుకి మరియమ్మా నేనూ కలిసే వెళ్ళాం. ఆమె ఇప్పుడు మా కేడీలందరికీ పెద్ద.

కిందటి చలికాలం ఓనరు గారి అమ్మాయి కోర్సు పెత్తనం తీసుకుంది. చురుకైన మనిషి. వచ్చిన కొత్తలో, రఫ్ ఇంకా పొడుగు పెంచితే పెద్ద పోటీలు వస్తాయంది. ఒకప్పుడు నాకు తియ్యగా వినపడిన మాట లాంటిదే అది. వాదించాలనిపించలేదు. "రేపు పొద్దున్న రండి మేడం, నడిచి చూద్దాం," అన్నాను.

వచ్చింది. చేతికర్రతో ముందు నేను, వెనక ఆమె, గుంజల అవతలి పొడుగు గడ్డి అంచున నడిచాం. మంచుకి ఇద్దరి కాళ్ళూ మోకాళ్ళదాకా తడిసిపోయాయి. పది అడుగులు వేశాక ఆమె ఆగిపోయింది. అడుగు ఎక్కడ పెడుతోందో కనపడక కిందికి చూస్తూ నిలబడింది.

"బంతి వెతకడానికి కేడీలు ఇందులోకి వెళ్ళాలా?" అంది.

"పెంచితే వెళ్ళాలి మేడం. చెప్పులతోనే వెళ్తారు."

వెనక్కి తిరిగింది. పొట్టి గడ్డిలోకి వచ్చాక, "ఇప్పుడెంత ఉందో అంతే ఉంచండి," అంది. సరేనన్నాను. నా పాదాలు ఇంకా వణుకుతున్నాయి. ఆ గడ్డిలో అడుగుపెట్టిన ప్రతిసారీ వణుకుతాయి. ఆ వణుకు పోకూడదనే కోరుకుంటాను.