యుకలేలేకు సంజాయిషీ

1961 వానాకాలం మొదట్ల నన్ను లేడీ హెల్త్ విజిటర్‌గా కోస్గి అవతల ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్‌కు వేసిన్రు. ఊరి పేరు రాయను, ఆఫీసర్ల పేర్లు రాయను. వాళ్ల మనుమలు ఇప్పుడు మర్యాదగ బతుకుతున్నరు, వాళ్లతోని నాకు కొట్లాట లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్త.

హెల్త్ విజిటర్ అంటే కాన్పులు చేసేటామె అనుకుంటరు. కాదు. ఊర్లల్ల కాన్పులు చేసేది మిడ్‌వైఫులు. వాళ్ల పని సక్కగ ఉన్నదా లేదా చూసేది హెల్త్ విజిటర్. నెలలు నిండేటోళ్ల ఇండ్లకు పోయి కాళ్లకు నీరు పట్టిందా చూడాలె, రక్తం తక్కువున్నోళ్లకు గోలీలియ్యాలె, ఊరి మంత్రసానులను కూసోబెట్టి కత్తెర ఉడకబెట్టుడు నేర్పాలె. కొడవలితోని బొడ్డు కోసే రోజులవి. కష్టమైన కాన్పు అయితే మిడ్‌వైఫు మనిషిని తోలుతది, అప్పుడు నేను ఎడ్లబండి కట్టిచ్చుకొని పోవాలె. నా పైన మెడికల్ ఆఫీసరు, ఆయన పైన జిల్లా నుంచి వచ్చే పెద్దాఫీసరు.

నాది రెండేండ్ల ప్రొబేషన్. అంటే ఉద్యోగం ఇచ్చినట్టే ఇచ్చి కొస వాళ్ల చేతిల పట్టుకునుడు. పని మంచిగుంది, నడత మంచిగుంది అని పెద్దాఫీసరు సంతకం పెడితేనే నౌకరి పక్కా. లేకుంటే ఇంటికే. నాకు ఇల్లు ఎక్కడుంది? మా అత్తగారిది కేతేపల్లి. అక్కడ నేనెందుకు నిలువలేదో ఈ ముచ్చటకు అవసరం లేదు. మా అన్న నల్లగొండల ఉండె. నౌకరి గీకరి ఎందుకే, వచ్చి మా పిల్లలను చూసుకుంట పడి ఉండు, ఇంత ముద్ద పెడత అని మాటిమాటికి కబురు పంపుతుండె. ఆ ముద్ద తినుడు కంటె మట్టి తినుడు నయం అనుకున్న. కాబట్టి ఆ సంతకం నాకు ప్రాణమంత అవసరం. ఇది యాదిల పెట్టుకొని తర్వాతది చదువుండ్రి.

యుకలేలే నాకు ట్రైనింగ్‌ల దొరికింది. మిషన్ దవాఖానల మాకు ప్రసూతి పాఠాలు చెప్పిన విదేశీ సిస్టరమ్మ తన దేశం పోయేటప్పుడు తలా ఒక వస్తువు ఇచ్చింది. ఒకామెకు గొడుగు, ఒకామెకు దుప్పటి, నాకిది. చూడ్డానికి గిటార్‌కు పుట్టిన పిల్ల లెక్క ఉంటది. నాలుగే తీగెలు. ఒడిల పెట్టుకుంటే నెల తక్కువ బిడ్డంత బరువు కూడ ఉండదు. ఎడమచేతి వేళ్లతోని తీగెలు నొక్కి పట్టాలె, కుడిచేతి బొటనవేలితోని మీటాలె. ఆమె నాకు మూడు పట్లు నేర్పి పోయింది. మూడు పట్లు వస్తే మన బతుకమ్మ పాటలు, బండి పాటలు సగానికి సగం ఎల్లిపోతయి.

ఎందుకు వాయిస్తుంటివి అని ఇప్పటికీ అడుగుతరు. ఒకటి గాదు, శాన ఉన్నయి. మా పనిల గోర్లు పెంచొద్దు, గాజులు తొడగొద్దు, ఉంగరం పెట్టొద్దు. దీనికి కూడ గోర్లు అక్కరలేదు, బొటనవేలి మెత్త చాలు. వాయించుకుంట పాడుకోవచ్చు, నోరు ఖాళీగుంటది. చప్పుడు ఒక గదికి, మహా అంటే దాని వాకిలికి సరిపోయేంతే. తప్పు మీటినా తిట్టే గురువు లేడు. పొద్దంతా నా చేతులు ఎవరి కడుపు మీదనో, ఎవరి నాడి మీదనో ఉంటుండె, ఒక వేలు తప్పితే ఒక పాణం పోతదన్న భయం. యుకలేలే మీద వేలు తప్పితే ఏం గాదు. తప్పు చేసినా ఎవ్వరూ సావని పని నాకు పొద్దుగూకినంక ఒక్క గంట కావాలె. గంతే.

ఇంకోటి కూడ ఉన్నది. మా దిక్కు డప్పు ఒక కులపోళ్లది, సన్నాయి ఒక కులపోళ్లది, ఒగ్గుడోలు ఇంకొకరిది, వీణ ఇంకెవరిదో. ఎవరిది వాళ్లే పట్టాలె. ఇది ఎవ్వరిదీ గాదు. దాన్ని ఎవరు ముట్టుకోవాలె, ఎవరు ముట్టుకోవద్దు అని చెప్పనీకి ఎవ్వరికీ నోరు రాలే. నేను ముట్టుకుంటే ఎవరి సొమ్మూ ముట్టుకున్నట్టు కాదు. ఆ సుఖం ఎట్లుంటదో ముట్టుకోనియ్యని ఇండ్లల్ల పెరిగినోళ్లకే తెలుస్తది.

మా సెంటర్‌ల ఆయా బాలమ్మ అని ఒకామె ఉండె. భర్త పోయినామె, నా కంటె పెద్దది. రోజూ పని దిగినంక నా గదికొచ్చి కూసునేది. ఒకరోజు చేతికిచ్చిన. ఒక పట్టు నేర్చుకున్నది. రెండోది నేర్పబోతే ఒప్పుకోలే. "రెండోది నాకెందుకమ్మా, గిదే మంచిగున్నది" అన్నది. ఆ ఒక్క పట్టునే కండ్లు మూసుకొని అర్ధగంట మీటేది. ఎట్లుంటది బాలమ్మా అంటే, నెత్తిల గొణుగుడు బందైతది అని చెప్పేది. మా కంపౌండర్ ఖాజా మియా సాబు వాయించేటోడు గాదు. వాకిట్ల కుర్సీ ఏసుకొని వింటుండె, జర దిల్ హల్కా అయితది, మనసు తేలికైతది అంటుండె. ఆయన్ను నేను చాచా అని పిలిచేది.

సెంటర్‌కు సొంత బిల్డింగు లేకుండె. ఊరి పటేలు పాత బంగ్లా సర్కారుకు కిరాయికిచ్చిండు, దాని వెనుక గది నాకు క్వార్టర్. గోడకవతల ఆయన ఇల్లే. కొన్నాళ్లకు వాళ్లింటి ఆడోళ్లు సాయంత్రం గోడకాడికి వచ్చి నిలబడుడు మొదలుపెట్టిన్రు. చిన్నకోడలు ఒకసారి గోడ మీదికెల్లి చెయ్యి చాపి, జర ముట్టుకోనియ్యి అక్కా అని అడిగింది. ఇచ్చిన. మరుసటి దినమే పటేలు మనిషొచ్చి నిలబడ్డడు. అది ఏ కులపోళ్లు వాయించేదో దొర అడగమన్నడు అన్నడు. నాకు తెల్వదు, తెలిస్తే దొరనే నాకు చెప్పమను అన్న. ఇంకోపారి వచ్చి, బంద్ చెయ్యమన్నడు అని చెప్పిండు. కిరాయి సర్కారు కడుతున్నది, గది నాది, తలుపు నాది అని తోలిన.

ఆయన అర్జీ పెట్టిండు. సర్కారు ఆడమనిషి సానిదాని తీరుగ వాయిద్యం పట్టి సంసారుల ఇండ్లను ఆగం చేస్తున్నది అని. దవాఖానల కుట్లేసే క్యాట్‌గట్ దారం తెచ్చి తీగెలకు కట్టుకున్నదని కూడ రాసిండు. చదివి నా ఒళ్లు మండిపోయింది. ఆ మాట రాసిన చేతిని విరగ్గొట్టాలనిపించింది, ఇప్పటికీ అనిపిస్తది.

అర్జీ వస్తే ఆఫీసు పద్ధతేందంటే, ముందు మెమో ఇస్తరు. ఫలానా పని ఎందుకు చేస్తున్నవో కారణాలు తెలుపుమని అందుల ఉంటది. దానికి మనం రాసేది సంజాయిషీ. నా మెమోల ఉన్నది కూడ గదే, వాద్యము వాయించుటకు గల కారణములు తెలుపవలెను. ప్రొబేషన్‌ల ఉన్నోళ్లకు మెమో అంటే సగం ఉద్యోగం ఊడినట్టే.

ఖాజా మియా సాబు నలబై రకాల ఆఫీసర్లను చూసిన మనిషి. నేను అడగకముందే జవాబు రాసి పెట్టిండు. అప్పట్ల ఆరోగ్య ప్రచారం అని ఒకటి ఉండె. పాటలు, బుర్రకథలు పెట్టి ఊర్లల్ల జనాన్ని పోగుచేసి, టీకాల గురించి చెప్పాలె. గర్భిణీ స్త్రీలను సమావేశపరచుటకు ఈ వాద్యము వాడబడుచున్నది అని సక్కగ రాసిండు. చదివితే నాకే మెచ్చుకోలు పత్రం ఇయ్యాలనిపిచ్చేటట్టు ఉండె. ఒక్కటే తక్కువ, అది నిజం కాదు. డ్యూటీ కోసమని నేను దాన్ని ఎన్నడూ గది గడప దాటించలే.

మా డాక్టరు గారు కోస్తా మనిషి, పడుచోడు, చెడ్డోడు గాదు. నా మాట తీరుకు నవ్వుతుండె గని పనికి అడ్డం రాకపోయేది. ఆయన కాయితం చదివి, "ఎందుకొచ్చిన గొడవ సిస్టర్? కంపౌండరు గారు రాసింది భేషుగ్గా ఉంది కదా, సంతకం పెట్టెయ్యండి" అన్నడు. పెట్టనన్న. ఆయన నెత్తి పట్టుకున్నడు.

ఖాజా మియా సాబు నన్ను పక్కకు పిలిచిండు. "బేటీ, గిది అబద్ధం గాదు, కాయితం. కాయితానికి కాయితమే జవాబు" అన్నడు.

"చాచా, ఇది పనికోసమని ఇయ్యాల రాస్తే రేపటికెల్లి పనికే అయితది. మీటింగుకొకపారి వాయించమంటరు. మరి నాకేముంటది?" అన్న.

నేనే రాసి పంపిన. విధులు ముగిసిన తరువాత, నా గదిలో, నా సంతోషం కోసం వాయిస్తున్నాను, ఇతర కారణము లేదు అని. గంతే. బాలమ్మ విని, అమ్మా నీకు పిచ్చి లేసింది అని కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. నాకు కూడ ఆ దినం అన్నం పోలే.

పెద్దాఫీసరు జీపేసుకొని వచ్చిండు. రిజిస్టర్లు చూసిండు, కాన్పు పెట్టె తెరిపించి కత్తెర, బొడ్డుదారం, పసిపిల్లల కండ్లల్ల ఏసే మందు చూసిండు. తప్పు దొరకలే. క్యాట్‌గట్ దారముండే గాజు గొట్టాలు లెక్క పెట్టిచ్చిండు, సరిపోయినయి. నా తీగెలు కృష్ణల చేపలు పట్టేటోళ్ల నైలాను దారంవి, తెచ్చి చూపించిన. అప్పటికి ఆ ముచ్చట అయిపోవాలె. గని వరండల పటేలు కుర్సీల కాలు మీద కాలేసుకొని కూసున్నడు.

ఆఫీసరు నా సంజాయిషీ చేతిల పట్టుకొని, సంతోషం అనేది ఒక కారణమా అని అడిగిండు. అవును సార్ అన్న. పేషెంట్లకు మంచిదనో, ప్రచారానికనో రాయి, ఈ కాయితం తీసేసి అదే ఫైలుల పెడత అన్నడు. ఆయనకు కూడ నన్ను ఒడ్డెక్కియ్యాలనే ఉండె, అబద్ధం ఎందుకాడాలె. నేను మార్చనన్న. అప్పుడు ఆయనకు కోపమొచ్చింది. సరే, అదేందో ఇప్పుడిక్కడ వాయించు, మంచిదో చెడ్డదో మేమిద్దరం విని చెప్తం అన్నడు. పటేలు సర్దుకొని కూసున్నడు.

సంతకం, మా అన్న ఇల్లు, అక్కడి వంటింటి మూల, అన్నీ కండ్ల ముంగట తిరిగినయి. వాయిస్తే అయిపోయేది. మంచిగనే వాయిస్త కూడ, ఇద్దరూ తలూపుతుండిరి కావొచ్చు. గని పటేలు ముంగట కూసొని, ఆయన బాగున్నదంటే వాయించేది, బాగలేదంటే మానేది అయితే, ఇంక అది నాది ఎట్లయితది?

"ఇది డ్యూటీ టైమ్ సార్, వాయించ" అన్న. "ఐదు దాటినంక నా గదిల వాయిస్త. వినాలనుకున్నోళ్లు వాకిట్ల నిలబడి వినొచ్చు."

డాక్టరు గారు నేల చూపులు చూసిండు. ఆఫీసరు తనిఖీ రిజిస్టర్‌ల సంతకం పెట్టి, ఐదు కాకముందే జీపెక్కిండు. నేను ఐదింటిదాక ఇన్‌డోర్ పేషెంట్లను చూసి, చేతులు కడుక్కొని, గదికి పోయిన. అప్పటిదాక తలుపు దగ్గరకేసుకొనే వాయిస్తుంటి. ఆ దినం బార్లా తెరిచి గడపల కూసున్న. పట్లు తప్పినయి, అయినా ఆపలే. గోడకవతల పటేలింటి ఆడోళ్లు ఎప్పటి లెక్కనే నిలబడ్డరు. పటేలు లోపలున్నడో లేడో నేను చూడలే.

ఆర్డర్ వచ్చింది. క్రమశిక్షణ లోపించినందున ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగింపు. వాద్యం మానుకుంటనని రాసిస్తే పొడిగింపు రద్దు చేస్తరని కూడ అందులనే ఉండె. రాసియ్యలే. ఖాజా మియా సాబు వారం దాక నాతోని మాట్లాడలే. భయం లేకుండె అంటే అబద్ధం. ఆ ఆరు నెలలు ఒక్క రిజిస్టరుల ఒక్క గీత తప్పకుండ, ఒక్క కాన్పుకు ఆలస్యం కాకుండ చేసిన. పట్టుకోనీకి వాళ్లకు ఏం దొరకొద్దని. రోజూ వాయించిన, ఒంట్ల బాగలేని దినం కూడ రెండు నిమిషాలన్న వాయించిన. గడువు అయినంక వచ్చిన కొత్త ఆఫీసరు ఫైలు చూసి సంతకం పెట్టిండు.

ఆ ఆరు నెలలు ఎనకపడ్డందుకు సీనియారిటీ మాత్రం పోయింది. నా తోటోళ్లు నా కంటె ముందు సూపర్‌వైజర్లయిన్రు, నేను వాళ్ల కంటె ఒక మెట్టు కిందనే రిటైరైన. పింఛను కూడ దానికి తగ్గట్టే వస్తున్నది. మంచి పని చేసినవని ఎవ్వరూ అనలే, నేను కూడ ఎవ్వరినీ అనమనలే.

ఆ నౌకరిల నేను నేర్చుకున్నది ఇది. అడగగూడని ప్రశ్నకు మంచి అబద్ధం చెప్పినోళ్లను మళ్లీ మళ్లీ అడుగుతరు, ప్రతిసారి కొత్త అబద్ధం కావాలె. ఉన్నది ఉన్నట్టు చెప్పినోళ్లకు ఒక్కసారి శిక్ష ఏసి ఊకుంటరు. నాకు శిక్ష ఏసిన్రు. ఆ తర్వాత నా సర్వీసంతటిల, ఏ ఊర్లయినా, ఏ ఆఫీసరైనా, ఎందుకు వాయిస్తున్నవని నన్ను మళ్లీ అడగలే.