గ్లాసుల చుట్టూ కంప

పామిడి పోయే బస్సులో నా పక్కన కూర్చున్న మేకల కాపరి, నా సంచిలోంచి పైకి కనిపిస్తున్న ప్లాస్టిక్ గ్లాసులను చాలాసేపు చూశాడు. అరవై దాటిన మనిషి.

"గుట్టకింద అడివిలో నేలలో పూడ్సినేవి నీ గ్లాసులేనామ్మా?"

అవునన్నాను. రాత్రిళ్ళు తిరిగే నల్ల పెంకుపురుగులు వాటిలో పడతాయనీ, చెట్ల వేళ్ళు కొరికే పురుగులను తిని అడవిని కాచేవి అవేననీ చెప్పాను. మేకలు మేసే చోట అవి ఎన్ని మిగులుతాయో చూడటమే నా పరిశోధన.

ఆయన తృప్తిగా తలాడించాడు.

"ఎవురో అంత కుదురుగా పూడ్సినారంటే ఏందో పనుండాదనుకున్యా. మావి తొక్కుతాయని ఎండాకాలమంతా గుట్ట సుట్టుకొని తోలుకపోతాండా."

మేకలే రాని చోట వేసవంతా లెక్కలు రాసుకున్నానన్నమాట. కానీ తాను ముఖమైనా చూడని మనిషి గ్లాసుల కోసం ఆ ఎండలో అంత దూరం నడిచినవాడి మీద కోపం ఎలా వస్తుంది?

"తాతా, నీ మేకలు రావాలి. అవి తిరిగితేనే నా లెక్క సరిపోయేది."

ఆయన పగలబడి నవ్వాడు. "ముందే ఒక మాట సెప్పింటే అయిపోయేది గదమ్మా."

తర్వాతి స్టాపులో దిగిపోయాడు. ఆయన పేరైనా నేను అడగలేదు.

వారం తర్వాత వెళ్ళి చూస్తే అక్కడ నేలంతా గిట్టల గుర్తులే. ఒక్క గ్లాసు కూడా చెదరలేదు. ప్రతి గ్లాసు చుట్టూ ముళ్ళకంప నాటి ఉంది, అడుగున పురుగు దూరేంత సందు వదిలి.