బాగుంది అని రాయకూడదు

మైదా పిండి ఉడికే వాసన తగిలితే నాకు ఆకలి వేయదు, ఏదైనా చదవాలనిపిస్తుంది. మొన్న శనివారం ఓర్వకల్లులో మా బడి పిల్లలు సత్తు గిన్నెలో మైదా జిగురు కాచారు. చిటికెడు మైలుతుత్తం నేనే కలిపాను. కొత్తగా వచ్చిన నవలల వెనక అట్టలకు వాళ్లు తెల్లకాగితాలు అంటిస్తుంటే, మైలుతుత్తం ఎందుకు టీచర్ అని ఒక పాప అడిగింది. పురుగు తినకుండా అన్నాను. ఆ జవాబు నా సొంతం కాదు. ఇరవై ఏళ్ల కిందట ఎర్రగుంట్లలో, రైల్వే గేటు పక్క వసారాలో కూర్చుని, చూపుడువేలితో జిగురు పూస్తూ సువార్తమ్మ టీచరు నాకు చెప్పిన జవాబు అది.

ఆమెను మీరు చూసి ఉండరు. ఎర్రగుంట్ల దాటి ఆమె పేరు పెద్దగా పోలేదు. చిన్నబడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, తన రెండు గదుల ఇంటి వసారాలో రెండు ఇనుప బీరువాలు పెట్టి, వాటి నిండా పిల్లల నవలలు నింపారు. బొమ్మల కథలు కావు, పెద్దవాళ్ల నవలలూ కావు. పదేళ్లు దాటి పదిహేను నిండని వాళ్ల కోసం రాసినవే కావాలని వెతికి తెచ్చేవారు. చిన్నపిల్లలకు కథ చెప్పడానికి అవ్వలున్నారు, పెద్దవాళ్లకు అన్నీ ఉన్నాయి, మీసం మొలవని మగపిల్లలకూ కొత్తగా ఓణీ వేసుకున్న ఆడపిల్లలకూ ఎవరున్నారని అడిగేవారు. సిమెంటు దుమ్ము మా ఊళ్లో ఏ వస్తువునూ వదలదు కాబట్టి సాయంత్రం కాగానే పాత చీర ముక్కతో ఒక్కో పుస్తకాన్నీ తుడిచేవారు. గొంతు చాలా పెద్దది. చర్చిలో ఆవిడ పాట అందుకుంటే మైకు ఆపేయొచ్చని అనుకునేవాళ్లు. మేమంతా ఆ గొంతుకు భయపడుతూనే రోజూ వెళ్లేవాళ్లం.

భయపడటానికి ఇంకో కారణం వెనక కాగితం. ప్రతి పుస్తకం చివర ఒక తెల్లకాగితం అంటించి ఉండేది. చదివినవాళ్లు తమ అభిప్రాయం అందులో రాస్తేనే ఇంకో పుస్తకం చేతికి వచ్చేది. దానికి రెండు షరతులు. ఒకటి, బాగుంది అని రాయకూడదు. నేను మొదటిసారి ఎంతో పొందికగా, "ఈ నవల చాలా బాగుంది, అందరూ చదవదగినది" అని రాసి ఇచ్చాను. ఆమె చదివి కాగితం నా వైపు తిప్పారు. "పాపా, కూర బాగుండాది అంటే నాకేం తెలుస్తాది? ఉప్పు జాస్తి అయిందా, కారం తగ్గిందా, అది చెప్పు." రెండో షరతు, ఇంకొకరు రాసినదాని మీద గీత గీయకూడదు. నచ్చకపోతే కింద నీ మాట రాసుకో అనేవారు.

ఆ రెండో షరతు వల్ల కాగితాల మీద పెద్ద పెద్ద తగాదాలు నడిచేవి. కోనసీమలో జరిగే ఒక నవల వెనక ఎవరో, "ఇందులో పుటకొక వాన పడతాది, చదివేకొద్దీ నాకు చొక్కా తడిసినట్టుండాది" అని రాశారు. దాని కింద ఇంకెవరో, "నాకైతే కోపమొచ్చింది, అంత వాన వాళ్లకే ఎందుకు" అని రాశారు. మూడోవాడు ఇద్దరికీ కలిపి, కథలో కుక్క ఏమైందో చెప్పకుండానే నవల అయిపోతే మీరు వాన గురించి కొట్లాడుతున్నారని తిట్టాడు. శనివారం సాయంత్రం టీచరు వాటిని పైకి చదివేవారు. మేం రాసింది మాకే పుస్తకంలా వినిపించేది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మేం సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా నాన్న టైమాఫీసులో గుమాస్తా. కుర్రతనంలో విజయవాడలో ఏదో ఉద్యోగానికి వెళ్లి, మాటల మధ్య ఉంది అనకుండా ఉండాది అన్నందుకు అక్కడి నలుగురూ నవ్వారట. ఆ నవ్వు ఆయన్ని వదల్లేదు. మా ఇంట్లో ఉండాది అనడం నిషేధం, శానా అనడం నిషేధం, యాడ అంటే అన్నం ముందు నుంచి లేపేసేవారు. దాంతో నేను రేడియోలో వార్తలు చదివే ఆవిడలా మాట్లాడేదాన్ని. దస్తూరీ గుండ్రంగా ఉండేది. ఆ రెంటినీ చూసుకుని నేనెంత మురిసిపోయేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నాగరత్న నా ఈడుదే, మా తరగతే. వాళ్ల నాయన సిమెంటు లారీ డ్రైవరు. నడుస్తూ చదివేది, నీళ్ల కుళాయి దగ్గర వరుసలో నిలబడి చదివేది, నాకంటే రెండింతలు చదివేది. రాత మాత్రం కోడి గెలికినట్టుండేది. ఒకసారి మా అందరికీ ఒక నవల తెగ నచ్చింది. సముద్రం ఒడ్డున ఒక అమ్మాయి, ఓడ మీద పోయిన తండ్రి కోసం సగం పుస్తకం ఏడుస్తూ కూర్చుంటుంది. మేమూ ఏడ్చాం. వెనక కాగితం నిండా మా కన్నీళ్ల కబుర్లే. ఆ శనివారం టీచరు అన్నీ చదివి చివరికి నాగరత్న రాసిన దగ్గరికి వచ్చారు.

"ఈ పిల్ల శానా ఏడుస్తాది. రాసినాయప్పకు తెలీదు. మా నాయన లారీ మీద పోతే యా దినం వస్తాడో మాకు తెలీదు. మేం ఏడ్చం. రోజూ ఒక మనిషికి నీళ్లు ఎక్కువ కాంచి పెడతాం."

టీచరు ఒకసారి చదివారు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ చదివారు. నేను రాసినదేదీ ఆమె రెండుసార్లు చదవలేదు. నాకు కడుపు మండింది. భాష కూడా సరిగ్గా రాని పిల్లకు ఇంత గౌరవమా అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు కడప నుంచి పుస్తకాలు విరాళమిచ్చే పెద్దలు వసారా చూడటానికి వస్తున్నారని తెలిసింది. వాళ్లు వచ్చే ముందు టీచరు బంధువుల పెళ్లికని మూడు రోజులు ఊరు వెళ్తూ, తుడిచి సర్ది పెట్టమని తాళంచెవి నాకిచ్చారు. నేను దుమ్ము తుడిచి ఊరుకోలేదు. వెనక కాగితాలు తెరిచి చూస్తే శానా, యాడ, రచయిత అనాల్సిన చోట రాసినాయప్ప. ఇవన్నీ ఆ పెద్దల కంట పడితే ఊరి పరువు పోతుందని నిజంగా భయపడ్డాను. మా నాన్నను చూసి నవ్వినట్టే నవ్వుతారనుకున్నాను. తడిగుడ్డతో నానబెట్టి పాత కాగితాలు ఊడదీశాను. మైదా ఉడికించి కొత్తవి అంటించాను. ఆ మూడు రోజుల్లో పన్నెండు పుస్తకాల వెనక, అందరి మాటలనూ నా గుండ్రటి దస్తూరీతో పుస్తక భాషలో తిరగరాశాను. నాగరత్నది ఇలా అయింది: "ఈ నవలలోని బాలిక అధికంగా దుఃఖిస్తుంది. మా నాన్న లారీపై వెళ్లినప్పుడు మేము దుఃఖించము. అయినను నవల చాలా బాగుంది." స్నానానికి నీళ్లు కాచే సంగతికీ నవలకూ సంబంధం లేదనిపించి అది తీసేశాను. పాత కాగితాలు నీళ్లపొయ్యిలో వేశాను.

టీచరు తిరిగొచ్చిన రోజే పెద్దలూ వచ్చారు. దస్తూరీ ఎంత చక్కగా ఉందని, పిల్లల భాష ఎంత శుద్ధంగా ఉందని మెచ్చుకుని, పుస్తకాలు పంపుతామని మాటిచ్చి వెళ్లారు. వాళ్లు ఉండగానే నాగరత్న ఆ సముద్రం నవల తీసి వెనక కాగితం చూసుకుంది. పుస్తకం చాప మీద పెట్టి, చెప్పులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. అందరూ వెళ్లాక టీచరు ఆ పన్నెండు పుస్తకాలూ వరుసగా తెరిచి చదివారు. నన్ను పొగుడుతారని పక్కనే నిలబడ్డాను.

"శానా చక్కగా రాసినావు పాపా," అన్నారు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం నేను ఎప్పుడూ వినలేదు. "అయితే ఈడ ఎవురూ లేరే."

తిట్టలేదు, తాళంచెవి వెనక్కి అడగలేదు. అది ఇంకా కష్టమనిపించింది. మిగతా పిల్లలు నన్ను రెండు రోజులు తిట్టి, తమ మాటలు తాము మళ్లీ రాసుకుని మరిచిపోయారు. నాగరత్న మాత్రం రాలేదు. బళ్లో పక్క బెంచీలోనే కూర్చున్నా నా వైపు తిరిగేది కాదు. చదవడమే మానేసిందని వాళ్ల వీధి పిల్లలు చెప్పారు. నాలుగు శనివారాలు టీచరు ఆ నవలను నాగరత్న కూర్చునే చోట చాప మీద పెట్టి, చీకటి పడ్డాక తీసి బీరువాలో పెట్టారు. ఐదోవారం నేను ఆగలేక, వెళ్లి పిలుచుకురానా అని అడిగాను. "పిలిస్తే రాదు," అన్నారు. "ఆ పాప మాట నీ కాడ ఉండాది. పోయి ఇచ్చిరా."

మర్నాడు ఆ నవల వెనక కొత్త తెల్లకాగితం అంటించి, అది ఆరకముందే పట్టుకుని వెళ్లాను. వాళ్లిల్లు లారీ షెడ్డు వెనక ఉండేది. నాగరత్న వాళ్లమ్మ బయట పొయ్యి మీద ఇత్తడి తపేలాలో నీళ్లు పెట్టి పుల్లలు ఎగదోస్తోంది. నాయన వచ్చాడా అని అడిగాను. రాలేదు, పోయి పదకొండు దినాలైందని నాగరత్నే ముక్తసరిగా చెప్పింది. మరి ఈ నీళ్లు ఎవరికి అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నేను పొయ్యిలో వేసిన వాక్యం నా ఎదురుగా మరో పొయ్యి మీద కాగుతోంది. ఏడుపొచ్చింది. వాళ్ల గడప మీద కూర్చుని, నాకు గుర్తున్నంతవరకు ఆ నాలుగు మాటలూ ఆమె రాసినట్టే రాశాను. శానా రాశాను, రాసినాయప్ప రాశాను, కాంచి పెడతాం అని రాశాను. ఆ మాటలు జీవితంలో మొదటిసారి రాస్తున్నాను కాబట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాను.

నాగరత్న పుస్తకం అందుకుని చాలాసేపు చదివింది. నా చేతిలో పెన్ను లాక్కుని ఒక మాట కొట్టేసి, పైన ఇంకోటి రాసి, తిరిగి ఇచ్చింది. అలవాటు కొద్దీ నేను నాన్న అని రాశాను. ఆమె దాన్ని నాయన చేసింది.

"మీ నాన్న కాదు. లారీ మీద పోయింది మా నాయన," అంది.

ఆ శనివారం వచ్చి తన చోట కూర్చుంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. టీచరు ఆ కాగితం చూసి, ఇద్దరి మధ్యా ఉడకబెట్టిన చెనక్కాయల గిన్నె పెట్టారు.

సువార్తమ్మ టీచరు పోయిన ఏడాది కన్నుమూశారు. చర్చిలో ఆమె జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికలో నాలుగు మాటలు రాసి చదవమని పాస్టరు నన్ను అడిగారు, తెలుగు టీచర్ని కదా. నాలుగు పుటలు రాశాను. జ్ఞానజ్యోతి, మార్గదర్శి, తీరని లోటు, ఏదీ వదల్లేదు. నాగరత్న ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. అక్కడ ఆమెకు కుట్టు మిషన్ల షాపు ఉంది. ఇప్పటికీ మా బడి పిల్లలకు ఏ నవల కొనాలన్నా ముందు ఆమే చదివి చెబుతుంది. చర్చి మెట్ల మీద కూర్చుని నా నాలుగు పుటలూ చదివి, మడిచి నా చేతిలో పెట్టింది.

"బాగుంది," అంది.

ముఖంలో నవ్వు లేదు. నాకు అర్థమైంది. ఆ కాగితాలు బ్యాగులో కుక్కేసి, మైకు ముందు నిలబడి, పన్నెండు పుస్తకాల వెనక నేను చేసిన పని అందరికీ చెప్పాను. చెబుతూ చెబుతూ శానా అన్నాను, మా నాన్న ముందు వరుసలో ఉండగానే. ఆయన తల దించుకున్నారు. కూడిక అయ్యాక దగ్గరికి వచ్చి, "ఆయమ్మ శానా మంచిది," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

పరీక్ష పేపర్లు దిద్దడానికి నా దగ్గర ఎర్రపెన్ను ఉంది. వెనక కాగితాల దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని టేబులు మీదే వదిలేస్తాను. అయినా చెయ్యి ఇప్పటికీ దాని కోసం వెతుక్కుంటుంది. టీచరు గురించి ఇదంతా రాసి నిన్న మధ్యాహ్నం నాగరత్నకు ఫోనులో పంపాను. బాగుంది అని జవాబు వస్తుందేమోనని సాయంత్రం దాకా ఏ పనీ చేయలేకపోయాను. జవాబు వచ్చింది. ఇత్తడి తపేలా మీద గీత గీయడం లేదు, తప్పు నాదే కాబట్టి పైన అలాగే ఉంచుతున్నాను. ఆమె మాట కింద రాస్తున్నాను.

"ఇత్తడి తపేలా మాకు యాడిది మే. అది సత్తు డేక్సా. టీచరమ్మ మాత్రం ఈడ ఉండాది."