శబరి మీద మా అత్త మోటారు

మా మేనత్త పోయింది. కొంటా ఆసుపత్రికి తీసుకెళ్తుండగా, శబరి ఏటి మధ్యలో, పడవలోనే పోయింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు చేతులు రావడం లేదు. కానీ వానాకాలంలో మా ఊరి వైపు నుంచి కొంటా సంతకు వచ్చినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. మిమ్మల్ని దాటించింది ఆమే. చెప్పకుండా ఉండలేను.

పడవ మామది, మోటారు అత్తది. గోదావరి మీద ఎవరో వాడి వాడి వదిలేసిన దాన్ని తెచ్చుకుంది. దానికి పెట్రోలు ఒక డబ్బాలో, ఆయిల్ ఇంకో డబ్బాలో పోయాలి. లోపలున్న చిన్న పంపు ఆయిల్‌ను లాగి పెట్రోల్లో కలుపుతుంది. ఆయిల్ అందకపోతే కీచుమని హారన్ మోగుతుంది. అత్త ఆ పంపును ఏనాడూ నమ్మలేదు. బయల్దేరే ముందు ఆయిల్ డబ్బా మీద బొగ్గుతో గీత గీసేది, ఒడ్డు చేరాక వంగి చూసేది. "గీత కిందికి ఆయిల్ దిగితేనే పంపు లాగినట్టు. ఊకె నమ్ముడు నాతోని కాదు" అనేది. పైపులో గాలిబుడగ కనిపిస్తే అది పోయేదాకా అందరినీ కూర్చోబెట్టేది. తొందరపెట్టిన దోర్లవాళ్లను దోర్ల మాటలో, హిందీవాళ్లను హిందీలో తిట్టేది. నాకు తెలుగులో పడేవి. నా భార్యను రెండు కాన్పులకూ ఆసుపత్రికి చేర్చింది ఆమే.

ఆ చలికాలపు పొద్దున ఆమెకు జ్వరం ఎక్కువై ఊపిరాడలేదు. మా ఊరికి రోడ్డు లేదు. పడవలో పడుకోబెట్టి చూస్తే ఆయిల్ డబ్బా ఖాళీ. మోటారు ఆయిల్ కొంటాలో దొరుకుతుంది, కొంటా పోవాలంటే మోటారు నడవాలి. మామ ఇంట్లోకి పరుగెత్తి, పొయ్యి పక్కన వెచ్చగా కరిగి ఉన్న వంట ఇప్పనూనె తెచ్చి పోసేశాడు.

ఏటి నడుమ మంచు, చలి. హారన్ మోగింది. అత్త కళ్లు తెరవకుండానే చెయ్యి ఊపింది.

"ఆపు అల్లుడా. ఆయిల్ లేకుంట తిప్పితే ఇంజన్ పట్టేస్తది."

ఆపాను. మూత తీస్తే ఇప్పనూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. పంపు ఏం లాగుతుంది? తెడ్డు వేస్తే ఎదురునీటికి వెనక్కే పోతున్నాం. మామ తల బాదుకున్నాడు.

"నా చేతులతోనే చంపుకుంటి."

"ఏందయ్యా ఆ ఏడుపు," అంది అత్త. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీస్తోంది. "గడ్డ తీసి చేతులల్ల కరగబెట్టుండ్రి. పెట్రోల్లనే కలుపుండ్రి. ఇగ పంపుతోని పనిలేదు. నా చేతిల కూడ ఇంత పెట్టు అల్లుడా. జ్వరంతోని కాలిపోతాంది."

ఆమె అరచేతిలో ముద్ద పెట్టి వేళ్లు మూశాను. నిజంగానే కాలుతోంది. నేనూ మామా రుద్ది రుద్ది కరిగించి పెట్రోలు డబ్బాలో పోసి కలిపాం. దేవుడా అనుకుంటూ తాడు లాగాను. అంటుకోలేదు. మళ్లీ లాగాను. భుజం పట్టు తప్పుతుందనగా మోటారు అంటుకుంది. వంటింటి వాసనతో పొగ వదిలింది.

"అత్తా, నడిచింది" అన్నాను.

పలకలేదు. కొంటా దాకా ఇంకాస్త నూనె కావాలని మామ ఆమె వేళ్లు విప్పాడు. ముద్ద సగమే కరిగింది. మిగతా సగం తెల్లగా అట్లాగే ఉంది.